గుప్పిట్లో నీలం పంపు

పరుపులు కుట్టే మా పిన్నికి ఉబ్బసం. రోజంతా పాత పరుపులు విప్పి కర్రతో దూది చితకబాదుతుంది. ఆ దుమ్మంతా ఆమె ఊపిరితిత్తుల్లోకే. ఇక బాబాయి అనే ఆ దున్నపోతు సంగతి. ఆయాసం వస్తే ఆమె పీల్చుకునే నీలం పంపును ముందుగా లాక్కుంటాడు, ఆ తర్వాతే జుట్టు పట్టి గోడకేసి బాదుతాడు. ఛాతీలో పిల్లికూతలతో ఆమె మోకాళ్ల మీద పడి దండం పెట్టేదాకా పంపు ఇవ్వడు. పదకొండేళ్లుగా జబ్బు ఆమెది, పెత్తనం ఆయనది.

రోజూ వాడే స్టిరాయిడ్ పంపు ఒక్కటే చాలడం లేదని ఆమధ్య డాక్టరమ్మ ఇంకో మందు జోడించింది. "ఇది రోజుకొక్కసారి పీలిస్తే చాలమ్మా. ఊపిరి గొట్టాలు బిగుసుకోకుండా రోజంతా కాపలా కాస్తుంది. ఆయాసం వచ్చాక మాత్రం ఇది పనికిరాదు, అప్పుడు నీలం పంపే పీల్చాలి." నోరెండిపోతోందని గొణుగుతూనే పిన్ని రెండు నెలలు ఒక్క రోజూ మానలేదు.

నిన్న అన్నం ఆలస్యమైందని బాబాయి నీలం పంపు గుప్పిట్లో బిగించి ఆమె మూతి పగలగొట్టాడు. పిల్లికూతల కోసం ఎదురుచూశాడు. రాలేదు. పిన్ని నెత్తురు ఉమ్మి, దూది కర్ర అందుకుంది. భుజం, మోకాలు, మళ్లీ భుజం. పాత పరుపును దులిపినట్టు దులిపింది. ఆయన మూలకు నక్కి కుక్కలా రొప్పాడు.

"చాలే, ఊపిరాడట్లేదే!"

పిన్ని కర్ర దించలేదు.

"పంపు నీ చేతిలోనే ఉందిగా, పీల్చుకో."