మా మత్తు డాక్టరమ్మ చెప్పిన ఒక్క అబద్ధం

మా మత్తు డాక్టరమ్మ పోయారు. జనగామ బస్టాండు దగ్గర ఆటో కోసం నిలబడి ఉంటే ఆపరేషన్ థియేటర్ ఆయమ్మ ఫోన్ చేసింది. "అక్కా, మన మత్తు మేడం లేదట. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే పోయిందట," అంది. "ఏ మేడం?" అన్నాను. పదిహేనేళ్లు ఆమె పక్కన పనిచేసిన నర్సును, ఏ మేడం అని అడిగాను. ఆటోవాడు ఎక్కుతావా లేదా అని కసిరాడు. ముందు వాడితో పోట్లాడి, తర్వాత ఏడ్చాను.

ఆపరేషన్ చేసిన డాక్టరు పేరు ఊరంతా చెప్పుకుంటుంది. మత్తిచ్చిన డాక్టరు పేరు ఎవరడుగుతారు? ఆమెకు ఆ పట్టింపే లేదు. వారంలో నాలుగు రోజులు జనగామలో మాతో ఉండేవారు, రెండు రోజులు పొద్దున్నే రైలెక్కి మానుకోట ఆస్పత్రికి పోయేవారు. ఆ ఊరిని మహబూబాబాద్ అని ఆమె అనగా నేనెప్పుడూ వినలేదు.

పుట్టుకతో మూత్రం దారి సరిగా లేని పిల్లలు, వృషణం కిందికి దిగని పిల్లలు మా వార్డుకు వచ్చేవాళ్లు. ఆమె రాకముందు మా పద్ధతి ఒకటే: పిల్లవాడు ఏడిస్తే మందు. ఆమెకు అది నచ్చలేదు. "దొంగ ఇంట్లకొచ్చినంక తలుపేస్తే ఏం ఫాయిదా సిస్టర్?" అన్నారు. పిల్లవాడు మత్తులోకి జారుకున్నాక పక్కకు తిప్పి, మోకాళ్లు కడుపులోకి ముడిచి, తోక ఎముకకు కాస్త పైన సన్నటి సూదితో మందు వేసేవారు. నడుము కింద తిమ్మిరెక్కేది. లేచాక కొన్ని గంటలపాటు కోసిన చోటు నొప్పి తెలిసేది కాదు. ఆ తిమ్మిరి దిగకముందే నొప్పి మందు మొదలుపెట్టాలి. ఏ టైముకో నా అరచేతి మీదే పెన్నుతో రాసేవారు. "కాగితమైతే పారేస్తవ్, చెయ్యి ఏడ పారేస్తవ్?" అనేవారు.

దేవరుప్పుల దగ్గరి తండా నుంచి వచ్చిన ఒక తల్లి ఆపరేషనయిన కొడుకు కాలు ఎత్తి వదిలింది. అది ధబ్బున పడింది. "నా కొడుకు కాళ్లు పడిపోయినయ్!" అని వార్డు దద్దరిల్లేలా అరిచింది. డాక్టరమ్మ టిఫిన్ డబ్బా పట్టుకొచ్చి ఆమె పక్కనే నేలమీద చతికిలబడ్డారు. "కూసో బిడ్డా. గీ బొటనవేలు కదిలిందాక నేను గూడ లేవ," అని జొన్నరొట్టె తుంచి సగం ఆమె చేతిలో పెట్టారు. ఇద్దరూ ఆ వేలినే చూస్తూ తిన్నారు. అది కదలగానే తల్లికంటే ముందు డాక్టరమ్మే చప్పట్లు కొట్టారు.

ఒక్క విషయంలో మాత్రం మమ్మల్ని చెడామడా తిట్టేవారు. చీమ కుట్టినట్టు ఉంటుందని పిల్లలతో అంటే ఊరుకునేవారు కాదు. "పిల్లగాడు చీమను జూసిండు, సూదిని జూసిండు. రెండూ వానికెరుకే. అబద్ధం చెప్తే రేపు నిన్నెట్ల నమ్ముతడు?"

ఇక నా సంగతి. మా అబ్బాయిని అడిగే ఇది రాస్తున్నాను. వాడికీ పుట్టుకతో మూత్రం దారి కింది వైపు ఉంది. రెండు విడతల ఆపరేషన్ అన్నారు. మొదటిదానికి వాడికి నాలుగేళ్లు. డాక్టరమ్మ నేను సంతకం పెట్టాల్సిన కాగితం తెచ్చి అన్నీ విడమరిచి చెప్పారు. వెన్ను దగ్గరి సూది అనగానే నేను మొండికేశాను. కాన్పు ఆపరేషన్‌కు వెన్నులో సూది పొడిచాకే నా నడుము పోయిందని నా గట్టి నమ్మకం. అదీ ఇదీ ఒకటి కాదని ఆమె చెప్తున్నా నా చెవికెక్కలేదు. మా ఆయన "నువ్వే నర్సువు గదా, నీకే ఎరుక" అని తప్పుకున్నాడు. పదిమంది తల్లులకు నా నోటితో నచ్చజెప్పిన సూదిని నా కొడుక్కి వద్దన్నాను.

"నీ ఇష్టమే సిస్టర్. మిగతా మందులన్నీ ఇప్పిస్త," అన్నారు ఆమె, అంతే.

మందులు ఇచ్చారు. అయినా వాడు లేచిన దగ్గర్నుంచి పెట్టిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మూత్రానికి పెట్టిన గొట్టం కదిలినప్పుడల్లా వంకర్లు తిరిగిపోయాడు. నా తెల్లకోటు చూసి "నువ్వు రాకు" అన్నాడు. కన్నతల్లిని, రావద్దన్నాడు!

ఏడు నెలలకు రెండో ఆపరేషన్ రోజు దగ్గరపడింది. వాడు రేగొండలో మా అమ్మగారింట్లో వడ్ల గుమ్మి వెనక దూరాడు. తాయిలం పెట్టినా రాలేదు, తిట్టినా రాలేదు. సగంలో ఆగిన ఆపరేషన్, మానడానికి లేదు; బలవంతంగా ఎత్తుకెళ్తే జన్మలో మమ్మల్ని నమ్మడు. ఏం చేయాలో తోచక డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆదివారం, భూపాలపల్లిలో తన ఇంటికి పోయే దారే గదా అని ఆమె దిగారు. వాణ్ని లాగలేదు, పిలవలేదు. గుమ్మికి ఇవతల నేలమీద కూర్చున్నారు.

"సూది తెచ్చినవా?" అని లోపలి నుంచి గొంతు.

"తేలే. అయితే ఆస్పత్రిల ఒక సూది ఉంటది. నువ్వు నిద్రవోయినంక ఇస్త. లేచినప్పుడు కాళ్లు బరువుంటయ్, భయపడొద్దు. పొద్దుగూకేదాక నొప్పుండదు. ఆ తర్వాత జర మంటుంటది. మందిస్తం."

గుమ్మి వెనక నుంచే వాడు అడిగాడు. "గా సూది మొదటిసారి ఎందుకియ్యలే?"

నేను గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాను. డాక్టరమ్మ నా వైపు చూడనైనా చూడలేదు.

"నేనే ఇయ్యలే బిడ్డా. నాదే తప్పు. ఈసారి ఇస్త."

నోరు విప్పి, కాదు నాన్నా, నేనే వద్దన్నాను అని ఉండాల్సింది. విప్పలేదు. వాడు బయటికొచ్చాడు, ఒంటినిండా వడ్ల దుమ్ము. ఆమెను దాటి వచ్చి నా ఒళ్లో కూర్చుని "ఆమెతోని కటీఫ్" అన్నాడు.

రెండో ఆపరేషన్ ఆమె చెప్పినట్టే జరిగింది. లేచాక వాడు బరువైన తన కాళ్లను తనే గుద్దుకుంటూ నవ్వాడు. పొద్దుగూకాక కాస్త మంట అన్నాడు, అప్పటికే మందు పడింది. నన్ను వదల్లేదు, నా కొంగు పట్టుకునే పడుకున్నాడు. ఆమె "ఎట్లున్నవ్ రా?" అంటే మాత్రం గోడవైపు తిరిగాడు. తర్వాత చూపించుకోవడానికి వచ్చిన ప్రతిసారీ అంతే. పెద్దయ్యాక కటీఫ్ అనడం మానేశాడు గానీ మాట్లాడటం మొదలుపెట్టలేదు.

రిటైరై భూపాలపల్లి వెళ్లాక కూడా ఫోన్లో అడిగేవారు, "ఇంకా కోపమేనా మీవోనికి?" అని నవ్వుతూ. ఒకసారి ఉండబట్టలేక, వాడికి నిజం చెప్పేస్తాను మేడం అన్నాను. "ఊకో పిల్లా. నీతోని వానికి బతుకంత ఉంది. నాతోని ఏముంది?" అన్నారు. నేను ఆ మాట పట్టుకుని మరో ఐదేళ్లు హాయిగా గడిపేశాను. సిగ్గులేకపోతే సరి.

పదకొండో రోజుకు వాణ్ని వెంటబెట్టుకుని భూపాలపల్లి వెళ్లాను. ఇప్పుడు వాడికి పదిహేడేళ్లు. "నేనెందుకు?" అని గొణుగుతూనే వచ్చాడు. ఆమె ఇంట్లో మానుకోట నుంచి వచ్చిన తల్లులు, మొగుళ్లపల్లి నుంచి వచ్చిన తల్లులు, పక్కన ఎదిగిన కొడుకులు. అందరూ ఆమెతో ఏం మాట్లాడారో చెప్పుకుంటున్నారు. మావాడొక్కడే చెప్పడానికి ఏమీ లేక నిలబడ్డాడు. వాణ్ని అలా చూసి నా మనసు ఊరుకోలేదు. తిరుగు బస్సు ఎక్కగానే చెప్పేశాను. సూది వద్దన్నది నేను. నీకు ఆ నొప్పి రావడానికి కారణం నేను. ఆమె నన్ను నీకు మిగిల్చడానికి ఆ తప్పు తన మీద వేసుకుంది.

వాడు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఎన్నిసార్లు పలకరించిందమ్మా నన్ను," అన్నాడు. లేచి ముందు సీట్లోకి వెళ్లి కిటికీ పక్కన కూర్చున్నాడు.

రేగొండ దాటేసరికి పొద్దు వాలింది. పత్తి చేలు మసకబారుతున్నాయి, బస్సులో దీపం వేశారు. కిటికీ అద్దంలో వాడి ముఖం కనబడుతోంది. పెదవులు కదులుతున్నాయి. ఫోన్ జేబులోనే ఉంది. కాసేపు ఆగుతాడు, ఆమె బదులిస్తే విన్నట్టు తల ఊపుతాడు, మళ్లీ మాట్లాడతాడు.