హిట్టీ అత్త తడి దుప్పటి

హిట్టీ అత్తకి ఉన్న జబ్బు ఒక్కటే. ఏ ఉపన్యాసకుడు ఊళ్ళోకి వచ్చి లోకాన్ని ఏ రకంగా బాగుచెయ్యమన్నా, ఆవిడ మర్నాడు పొద్దున్నే తన వంటింటితో మొదలుపెట్టేది.

అమెరికాలో మెరిమాక్ నది ఒడ్డున బట్టల మిల్లు, దాని పక్కనే కంపెనీ కట్టించిన ఇళ్ళు. వాటిలో ఒకదాంట్లో మెహిటబెల్ విగ్గిన్ అనే ఈ వితంతువు, మగ్గాల మీద పనిచేసే పల్లెటూరి ఆడపిల్లలకి తిండీ పడకా చూసేది. వాళ్ళందరికీ ఆవిడ హిట్టీ అత్త. వెర్మాంట్ నుంచి లొవీనా పీస్లీ వచ్చి చేరిన రోజున బల్ల మీద మాంసం ఉంది. మర్నాడు లేదు.

"మాంసం ఏదత్తా?" అంది లొవీనా.

"నిన్న సాయంత్రం ఒకాయన చెప్పాడమ్మా. మాంసం తింటే కోపం పెరుగుతుందట."

"తినకపోతే ఇంకా పెరుగుతోంది," అని గొణిగింది పక్కనున్న ఇంకో మగ్గం పిల్ల సాబ్రా.

తరవాత ఇంకో మహానుభావుడి పుణ్యమా అని కాఫీ పోయింది. ఆ వెనకే తెల్లరొట్టె పోయి పొట్టు రొట్టె వచ్చింది. దాన్ని కోయడానికి కత్తి చాలదు, గొడ్డలి తెప్పించమని సాబ్రా మొరపెట్టుకుంది. బానిసల చెమటతో పండిందని చక్కెర కూడా మానేసినప్పుడు మాత్రం ఎవరూ కిక్కురుమనలేదు.

"మరి మనం నేసే పత్తో?" అంది లొవీనా ఉండబట్టలేక.

అత్త చేతిలోని గిన్నెని ఇంకా గట్టిగా తోమింది. "అదీ వాళ్ళ చెమటేనమ్మా," అంది. "ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా."

తల మీది ఎత్తుపల్లాలు చూసి గుణం చెప్పే విద్య ఊళ్ళోకి వచ్చాక, ఆ ఇంట్లో ఒక్క తలకీ విశ్రాంతి లేకుండా పోయింది. హిట్టీ అత్త లొవీనా జడ విప్పి తల తడిమి, "ఇదిగో, ఈ బొడిపె చూడండే! ఈ పిల్ల పెద్ద వక్త అవుతుంది," అని చాటింది.

"అది చిన్నప్పుడు మా ఆవు తన్నిన బొడిపె అత్తా."

"అయితే ఆవుకీ తెలిసిందన్నమాట!"

చివరికి జలచికిత్స వచ్చింది. చన్నీళ్ళలో ముంచిన దుప్పటి ఒంటికి బిగించి చుడితే నయం కాని రోగం లేదట. ఆ రోజు నుంచి పిల్లలు తుమ్ము వస్తే మూతికి దిండు అడ్డం పెట్టుకునేవారు.

పిల్లల నడవడి కనిపెట్టడానికి మిల్లు పెత్తనం చేసే ఏజెంటు క్రాండల్ ఇల్లిల్లూ తిరిగేవాడు. హిట్టీ అత్త మొదటిసారే ఆయన్ని కూర్చోబెట్టి, పొట్టు రొట్టె పెట్టి, జీర్ణకోశం గురించి దీపాలు పెట్టే వేళ దాకా చెప్పింది. పాపం ఆయన ఆ రొట్టెని మింగనూ లేక, కక్కనూ లేక ఇంటికి పోయాడు. అప్పటినుంచి వీధిలోంచే టోపీ ఎత్తి జారుకునేవాడు.

ఇలా ఉండగా, చీకటితో మిల్లుకెళ్ళి చీకటితో తిరిగొచ్చే పిల్లలు రోజుకి పది గంటలకి మించి పని వద్దని ఉద్యమం లేవదీశారు. వాళ్ళ మాట వింటామని బోస్టన్ శాసనసభ కబురంపింది. మిల్లు పిల్లల తరఫున మాట్లాడమని అందరూ లొవీనాని ముందుకి తోశారు. ఆ కబురు ముందే ఏజెంటు చెవిన పడితే ఆమె పని ఊడుతుంది, ఆ నది పొడుగునా ఇంకే మిల్లూ గుమ్మం ఎక్కనివ్వదు. పైగా నలుగురి ముందు నోరు విప్పడం ఆమెకి చేతకాదు. ఎక్కడో సాధన చెయ్యాలి.

"మన ముందుగదిలో చెయ్యి," అంది హిట్టీ అత్త.

కంపెనీ ఉప్పు తినే మనిషి ఈ మాట అనడం లొవీనాకి వింతగా తోచింది.

ఆదివారం చర్చి అయ్యాక లొవీనా ముందుగదిలో పిల్లలందరి ఎదుట స్టూలెక్కి, "అయ్యలారా," అని గొంతు సవరించుకుంది. అంతలో వంటింటి గుమ్మంలో క్రాండల్ గొంతు వినిపించింది. ఎవరో ఉప్పందించినట్టున్నారు. ఆమె స్టూలు దిగబోయింది.

"విగ్గిన్ గారూ, ఇక్కడేదో సభ జరుగుతోందని..." అంటూనే, వానలో తడిసి వచ్చాడేమో, హాచ్చని తుమ్మాడు.

"అయ్యో అయ్యో, తుమ్మారా!" అంది హిట్టీ అత్త. పండగొచ్చినట్టుంది ఆ గొంతు. "కోటు విప్పండి. ఊపిరితిత్తులకి పాకితే ఇంతే సంగతులు!"

"వద్దండీ, నేను... అబ్బా! చలి! చలి!"

"చలి పుడితే గుణం కనిపిస్తున్నట్టే. చేతులు లోపల పెట్టండి, బిగించాలి."

"ముందుగదిలో ఏవో గొంతులు వినిపిస్తున్నాయి!"

"చెవుల్లోకి నీరు దిగిందండీ, అందుకే వినిపిస్తాయి. చెవులకి కూడా చుట్టేద్దాం." ఆ వెంటనే తలుపు సందులోంచి కేక వేసింది. "ఏమ్మా, ఆపేశావేం? గట్టిగా!"

లొవీనా గట్టిగానే మాట్లాడింది. దూది ధూళికి దగ్గే చెల్లెళ్ళ గురించి, నిలబడి నిలబడి వాచిన కాళ్ళ గురించి, పుస్తకం తెరవగానే మూతలుపడే కళ్ళ గురించి చెప్పింది. వంటింట్లోంచి అప్పుడప్పుడూ పళ్ళు టకటక కొట్టుకునే చప్పుడు వచ్చింది. ప్రసంగం అయ్యాకే ఏజెంటుకి విడుదల దొరికింది. నీళ్ళోడుతూ పరిగెత్తినవాడు మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు.

దండం పెడదామని లొవీనా వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ హిట్టీ అత్త వెన్న రాసిన తెల్లరొట్టె నములుతూ కాఫీ తాగుతోంది.

"అత్తా!"

"తలుపు వెయ్యి. ఆ పొట్టు రొట్టె ఎవడు తింటాడే? అది క్రాండల్ని గుమ్మం తొక్కనివ్వకుండా ఉంచే మందు. అది లేకపోతే మీ సభలన్నీ నా పొయ్యి దగ్గర కూర్చుని వినేవాడు."

"మాకూ అదే పెడుతున్నావు కదత్తా!"

"మీకు తెల్లరొట్టె పెడితే సాబ్రా ఊరంతా చెప్పదూ?"

లొవీనాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అయితే అంతా నాటకమేనా?"

అత్త కాఫీ గిన్నె ముందుకి తోసింది. లొవీనా ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. అందులో చక్కెర లేదు.

బోస్టన్ రైలెక్కే రోజున హిట్టీ అత్త రెండు మూటలు చేతికిచ్చింది.

"ఈ మెత్తటిది నీకు. దారిలో తిను."

"మరి ఈ బరువైనది?"

"పొట్టు రొట్టె. నువ్వు మాట్లాడుతుంటే ఏ పెద్దమనిషైనా మధ్యలో అడ్డొచ్చాడనుకో, ముందు ఒక ముక్క ఆయన నోట్లో పెట్టు."