నేను రాసిన నీలి మంట

మొన్న ఉదయం మంచిర్యాలలో మా ఇంటి వరండాలో కూర్చుని పత్రిక తిరగేస్తుంటే, లోపలి పేజీలో ఓ మూలన చిన్న ప్రకటన కనిపించింది. స్వచ్ఛమైన ఇంధనం పట్ల, పర్యావరణం పట్ల నిబద్ధత ఉన్న కాలేజీ విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇస్తారట. ఇన్నేళ్లు బడిలో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని, చదివి సంతోషించాల్సినదాన్ని, పత్రిక మడిచి పక్కన పెట్టేశాను. నిబద్ధత అన్న మాట ఎక్కడ కనబడినా నాకు నా హాస్టల్ స్నేహితురాలి ముఖం కళ్ల ముందుకు వస్తుంది.

ఎనభైల మొదట్లోని మాట ఇది. మాది మెట్‌పల్లి దగ్గర పల్లె, ఆమెది ధర్మపురి దగ్గర పల్లె. ఇద్దరం కరీంనగర్‌లో బీఎస్సీ చదువుతూ ఒకే గదిలో ఉండేవాళ్లం. మా వైపు నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. మా బాపుకు కొంచెం పొలముండేది. వాళ్ల బాపు చిన్నప్పుడే పోతే, వాళ్లవ్వ బీడీలు చేసి ఆమెను చదివించింది. హైదరాబాదులో రిటైరైన ఇంజనీరు ఒకాయన, తన మిత్రులతో కలిసి, మాలాంటి వాళ్లకు కాలేజీ ఫీజు, హాస్టలు ఖర్చు భరించే ఏర్పాటు ఒకటి చేశారు. దానికి ఆయన పెట్టిన షరతు ఒక్కటే. విద్యార్థి తన ఊళ్లో ఒక ఇంట్లో గోబర్ గ్యాస్ కట్టించాలి, ఇంటివాళ్లకు దాని సంగతి నేర్పాలి, అది ఎలా నడుస్తోందో నెలనెలా ఉత్తరం రాయాలి. కట్టే ఖర్చు ఆయనా, ఆయన మిత్రులే పెట్టుకుంటారు. అడవి మిగలాలన్నా, ఆడవాళ్ల కళ్లు మిగలాలన్నా ఇదే దారి అని ఆయన కరీంనగర్ వచ్చినప్పుడు మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎంతో ఆశగా చెప్పారు. ఆ మాటలు విని మేము ఏదో గొప్ప పనికి పూనుకున్నట్టు పొంగిపోతూ కాలేజీకి నడిచి వచ్చాం.

మా ఇంటి వెనక గుంత తవ్వి, ఇటుకలతో కట్టి, మీద పెద్ద ఇనుప డ్రమ్ము బోర్లించారు. పశువుల పెండలో సమానంగా నీళ్లు కలిపి పోస్తుంటే, లోపల గ్యాస్ నిండేకొద్దీ ఆ డ్రమ్ము మెల్లగా పైకి లేచేది. ఊళ్లో వాళ్లు దాన్ని చూడటానికి వచ్చి, పెండ గ్యాస్ మీద వండిన అన్నం ఎట్ల తింటరని ముక్కు మీద వేలేసుకునేవాళ్లు. మొదటి రోజు అవ్వ దాని మీద చాయ్ పెట్టింది. మసి లేదు, ఊదాల్సిన పని లేదు, గిన్నె కింద నీలి రంగు మంట. అవ్వ చాయ్ పొంగిపోతున్నా చూసుకోకుండా ఆ మంటనే చూస్తూ నిలబడింది. ఏళ్ల తరబడి పొగకు ఎర్రబడ్డ ఆమె కళ్లు ఆ చలికాలమంతా తేటగా ఉన్నాయి. స్నేహితురాలి మేనమామ ఇంట్లో కట్టించింది కూడా బాగా నడిచింది. మా ఉత్తరాలను ఇంజనీరుగారు తన మిత్రులందరికీ చదివి వినిపిస్తున్నారని తెలిసి మేము మురిసిపోయాం.

మరుసటేడు వానలు పడలేదు. బాయి అడుగంటింది. తాగడానికే బిందె పట్టుకుని మైలు దూరం నడుస్తుంటే, పెండలో కలపడానికి నీళ్లెక్కడివి? గడ్డి దొరక్క బాపు ఎడ్లను, రెండు బర్రెలను మెట్‌పల్లి అంగడికి తోలుకుపోయి, ఉత్త పలుపులు భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. డ్రమ్ము గుంతలోకి దిగిపోయింది. అవ్వ మళ్లీ కట్టెల పొయ్యి ముందు కూర్చుంది. ధర్మపురి దగ్గర స్నేహితురాలి మేనమామ ఇంట్లోనూ ఇదే కథ.

హాస్టల్‌కు తిరిగొచ్చాక నెల ఉత్తరం రాసే రోజు వచ్చింది. స్నేహితురాలు తను రాసింది నాకు చదివి వినిపించి, "మండుతలేదని ఉన్నది ఉన్నట్టు రాసిన. నువ్వు గూడ రాయి. ఇద్దరం రాస్తే ఆయనకు సమజైతది, గిది మన తప్పు గాదు, కరువని," అంది. రాస్తానన్నాను. నిజంగా రాద్దామనే కూర్చున్నాను. కానీ, స్కాలర్‌షిప్ ఆగితే ఇంటికొచ్చెయ్ బిడ్డా, ఇగ నాతోని కాదు అని బస్సు దగ్గర బాపు తల వంచుకుని అన్న మాట చెవిలోనే ఉంది. నా కలం దానంతటదే నడిచినట్టు, పొద్దున రెండు గంటలు, సాయంత్రం గంటసేపు మంట బాగా వస్తోందని రాసేశాను. ఆ ఉత్తరం ఆమెకు చూపించలేదు. పోస్టు డబ్బాలో రెండూ నేనే వేశాను.

దసరా సెలవులకు ఇంటికి పోతే, పొయ్యి ఊదుతూ అవ్వ అడిగింది, ఆ హైదరాబాదు పెద్దాయనకు ఏం రాస్తున్నవని. మండుతున్నదని రాస్తున్నానని చెప్పాను. చదువురాని మా అవ్వ నన్ను కోప్పడలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, "గట్ల రాస్తే, గాళ్లు నీళ్లు లేని ఊళ్లల్ల గూడ గివే కట్టిస్తరు గద బిడ్డా," అంది.

సెలవుల తర్వాత స్నేహితురాలికి ఉత్తరం వచ్చింది. అది ఇంజనీరుగారి రాత కాదు, ఆ పని చూసే వేరెవరో టైపు చేయించి పంపింది. అదే జిల్లాలో, అదే కరువులో నీ తోటి విద్యార్థిని ఇంట్లో గ్యాస్ చక్కగా నడుస్తుండగా నీది ఆగిపోవడం నిబద్ధత లోపాన్ని చూపుతోంది కాబట్టి ఉపకార వేతనం నిలిపివేస్తున్నామని అందులో ఉంది. మంచం మీద కూర్చుని ఆమె రెండుసార్లు చదివింది. తలెత్తి, "నువ్వు రాయలే?" అని మాత్రం అడిగింది. నేను కిటికీ వైపు తిరిగాను. అప్పుడే లేచి వెళ్లి ఇంజనీరుగారికి నిజం చెప్పి ఉంటే సరిపోయేదేమో. చెప్పడానికి నాకు వారం రోజుల సమయం కూడా దొరికింది. ఆ వారమంతా ఒకే గదిలో ఉన్నాం. ఆమె నన్ను మరో మాట అడగలేదు. ఎనిమిదో రోజు ట్రంకుపెట్టె సర్దుకుని బస్సెక్కింది.

నేను డిగ్రీ పూర్తి చేశాను. బీఎడ్ చేసి, ఆదిలాబాద్ జిల్లాలో టీచరుగా చేరాక, ఇక పోగొట్టుకునేదేమీ లేదని తేలిన తర్వాతే, ఇంజనీరుగారికి ఉన్నదంతా రాశాను. అది ధైర్యం కాదని నాకు తెలుసు. వణికే చేతిరాతతో ఆయన జవాబు వచ్చింది. నా ఉత్తరాలు నమ్మి, కరువుకు కూడా ఇది తట్టుకుంటుందని మిత్రులను ఒప్పించి, మా ఊరి చుట్టుపక్కల ఇంకొన్ని ఊళ్లలో కట్టించారట. వెళ్లి చూసి, ఈసారి కళ్లకు కనిపించింది రాయమన్నారు. ఎండాకాలం సెలవుల్లో ఊరూరా తిరిగాను. కొన్ని మండుతున్నాయి. ఎక్కువ చోట్ల డ్రమ్ములు తుప్పు పట్టి, వాటి మీద కోళ్లు నిద్రపోతున్నాయి. అన్నీ రాసి, నా స్నేహితురాలి చదువు మళ్లీ మొదలుపెట్టించమని వేడుకున్నాను. ఆయన ఆమెకు ఉత్తరం రాశారు. అప్పటికి ఆమెకు పెళ్లయి, ఇద్దరు పిల్లలు. ఇప్పుడు వీలుకాదని మర్యాదగా జవాబిచ్చిందట.

తొంభైల్లో ఒకసారి ధర్మపురికి పోయి, అడిగి అడిగి ఆమె ఇల్లు పట్టుకున్నాను. చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చేస్తోంది. లేచి నాకు పీట వేసింది, చాయ్ ఇచ్చింది. నేను చెప్పాల్సిందంతా చెప్పి ఏడ్చాను. ఆమె చేతులు ఆగలేదు. చివరికి, "నువ్వు చదువుకున్నందుకు నాకేం బాధ లే. నేను గూడ చదువుకునేదాన్ని గద," అంది. ఆ మాటలో తిట్టు లేదు, మన్నింపు కూడా లేదు. బస్సు టైమైందని ఆమే గుర్తు చేసి, సందు చివరిదాకా వచ్చి సాగనంపింది. ఆ తర్వాత నేను రాసిన కార్డులకు జవాబు రాలేదు.

ఇప్పుడు ఇలాంటి సాయం పొందే పిల్లలు పనిచేసిన చోట నిలబడి ఫోటోలు దిగి పంపాలట. తారీకు, స్థలం ఆ ఫోటో మీదే పడతాయట. ఎవరో ఒకరు ఊరికి వచ్చి తనిఖీ కూడా చేస్తారట. మా ఈడు వాళ్లు కలిసినప్పుడు దీని గురించి మాటొస్తే, మన కాలంలో ఒక పిల్ల తెల్ల కాగితం మీద నాలుగు ముక్కలు రాస్తే లోకం నమ్మేదని, మనిషి మాటకు ఆ విలువ ఇప్పుడేదని నిట్టూరుస్తారు. నిజమే, నమ్మేవాళ్లు. వాళ్లంతా తలలూపుతుంటే నేను మాత్రం కలిసి నిట్టూర్చలేను. ఆ నమ్మకాన్ని ఖర్చు పెట్టుకుని చదువుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.