ఆయిల్ మీదికి నెట్టిన నేరం

2005 ఎండాకాలంలో నన్ను కార్ఖానా అనే పేటలోని ఒక కార్ల డీలరు వర్క్‌షాపులో వారంటీ ఇన్‌చార్జిగా వేశారు. అంతకుముందు చాలా ఏళ్ళు అక్కడే సర్వీస్ అడ్వైజరుగా, అంటే బండి తెచ్చినవాళ్ళ ఫిర్యాదు విని జాబ్ కార్డు రాసే పనిలో ఉన్నాను. మెకానికల్ డిప్లొమా చదివిన ఆడమనిషిని. నేను బానెట్ ఎత్తగానే "సార్ ఎవరూ లేరామ్మా?" అని అడిగినవాళ్ళకు లెక్కలేదు. "నేనున్నాను, చెప్పండి" అనేదాన్ని.

గడువు లోపల బండిలో ఏదైనా భాగం చెడితే అది తయారీ లోపమా, వాడకం లోపమా తేల్చి రిపోర్టు రాయడం వారంటీ ఇన్‌చార్జి పని. మొదటిదైతే ఖర్చు కంపెనీది, రెండోదైతే యజమానిది. కంపెనీ తరఫున ఏరియా ఇంజనీరు అప్పుడప్పుడు వచ్చి, చెడిన భాగాన్నీ నా రిపోర్టునూ పక్కపక్కన పెట్టుకుని చూసి సంతకం చేసేవాడు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పుణ్యమా అని కొత్త కార్లు వేడి బజ్జీల్లా అమ్ముడవుతున్న రోజులవి. అప్పుడే మా వర్క్‌షాపుకు సింథటిక్ ఆయిల్, అంటే మామూలు ఇంజన్ ఆయిల్ కంటే బాగా ఖరీదైన కొత్త రకం, డ్రమ్ములు డ్రమ్ములుగా దిగింది. జనరల్ మేనేజరు అప్పారావు గారు మమ్మల్నందర్నీ పిలిచి, కొత్త మోడల్ బండి ఏది వచ్చినా ఇకమీదట సింథటిక్కే పోయాలన్నారు. మామూలు ఆయిల్ అడిగేవాళ్ళకు వారంటీ పోతుందని చెప్పమన్నారు. అది పచ్చి అబద్ధం. ఆ ఇంజనుకు రెండూ పనికొస్తాయని, మామూలు ఆయిల్ పోస్తే త్వరగా మార్చుకోవాలని, సింథటిక్ పోస్తే ఇంకొంత దూరం తిప్పొచ్చని కంపెనీ పుస్తకమే చెబుతోంది. ఆ మాటే లేచి అన్నాను. మన కస్టమరు, మెట్టుగూడలో ఉండే టీచరమ్మ ఆదివారం చర్చికి, మధ్యలో ఒకసారి కూరగాయలకు మాత్రమే తీసే బండికి అంత ఖరీదు నూనె ఎందుకని అడిగాను. అప్పారావు గారు నవ్వి, ఆ సంగతి టీచరమ్మకు తెలియదుగా అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

ఆ వేడిలోనే యాదగిరి బండి వచ్చింది. బొల్లారం మనిషి. అప్పుచేసి కొన్న కొత్త డీజిల్ కారును ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి క్యాబ్‌గా తిప్పేవాడు. టర్బో పోయింది. టర్బో అంటే ఇంజనులోకి గాలిని బలంగా తోసే చిన్న చక్రం. విపరీతమైన వేగంతో తిరుగుతుంది, కాలిపోయేంత వేడెక్కుతుంది. దాన్ని చల్లబరిచేదీ, ఆధారంగా నిలబెట్టేదీ ఇంజన్ ఆయిలే. యాదగిరి మా దగ్గరే గడువు తప్పకుండా మామూలు ఆయిల్ మార్పించుకున్నాడు.

అప్పారావు గారు బండి తెరవకముందే తీర్పు చెప్పేశారు. సింథటిక్ పోయించుకోలేదు కాబట్టి టర్బో పోయింది, వాడకం లోపమని రాసి పంపెయ్యమన్నారు. ఈ ఒక్క క్యాబ్‌ను చూపిస్తే మిగతా కస్టమర్లు దారికొస్తారని కూడా అన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది వ్యవహారం. చూడకుండా రాయనని చెప్పాను.

యాదగిరి నా టేబులు ముందు కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు.

"మేడమ్, మీరు చెప్పినట్లే చేసిన. మీరు పొయ్యమన్న ఆయిలే పోయించిన. ఇప్పుడు ఆయిల్ తప్పంటే నేనేడికి పోవాలె? బండి నడవకుంటే కిస్తీ కట్టలేను. ఫైనాన్సోళ్ళు బండి గుంజుకపోతరు."

టర్బో విప్పించాను. ఆయిల్ వెళ్ళే సన్నని గొట్టం లోపల నల్లగా పెచ్చు కట్టింది. అప్పాలు వేగిన మూకుడు అడుగున మాడిన నూనె అంటుకుంటుందే, అలా. అంటే ఆయిల్ అక్కడ నిలిచిపోయి మాడింది. బండి నడుస్తున్నంతసేపూ ఆయిల్ తిరుగుతూనే ఉంటుంది, మాడే వీలు లేదు. మాడాలంటే టర్బో నిప్పులా ఉన్నప్పుడే ఇంజన్ ఆపెయ్యాలి. ఈ మనిషి బండి ఎక్కడ ఆపుతున్నాడు?

టర్బో పోయిన దగ్గర్నుంచి యాదగిరి తన బావమరిది కారు నడుపుతున్నాడు. అదీ ఇదే మోడలు. ఒకరోజు పొద్దున్నే అందులో ఎక్కాను. దారిలో ఇద్దరు ఉద్యోగులను ఎక్కించుకున్నాడు. షిఫ్టు మొదలయ్యే వేళకు లోపల లేకపోతే క్యాబ్‌కు జరిమానా అట. అందుకని ఖాళీ రోడ్డు దొరికిందే చాలు తొక్కాడు. అంత వేగంతో వచ్చి ఆ కంపెనీ గేటు ముందు ఆగామో లేదో గార్డు చెయ్యి ఎత్తాడు.

"ఇంజన్ బంద్ జెయ్! బానెట్ తెరువు!"

యాదగిరి టక్కున తాళం తిప్పాడు. గార్డు కర్రకు బిగించిన అద్దాన్ని బండి కిందకు పెట్టి నాలుగు వైపులా చూశాడు. బాంబు తనిఖీ. అక్కడికొచ్చే ప్రతి క్యాబూ అలాగే ఆగాలి. ఇలా రోజుకు ఎన్నిసార్లని అడిగాను.

"ఎన్ని ట్రిప్పులైతె అన్ని సార్లు మేడమ్. జెర ఆగు అన్నమనుకో, ఎనకాల లైన్ల ఉన్నోళ్ళు హారన్లు కొట్టి పరేషాన్ జేస్తరు."

అలా పరుగెత్తి వచ్చిన టర్బో బండిని ఆపేముందు కాసేపు ఇంజన్‌ను ఊరికే తిరగనివ్వాలి. ఆ మాట పుస్తకంలో ఒకచోట ఇంగ్లీషులో ఉంది. బండి అప్పగించేటప్పుడు నోటితో చెప్పాల్సింది డీలరు మనుషులు. నీకెవరైనా చెప్పారా అని యాదగిరిని అడిగాను.

"దండ ఏసిండ్రు, నిమ్మకాయలు తొక్కిచ్చిండ్రు, తాళం చేతిల వెట్టి ఫోటో దీసిండ్రు. గిదొక్కటి సుత చెప్పలే."

రిపోర్టులో మూడో అవకాశం ఒకటుంటుంది: డీలరు లోపం. ఖర్చు డీలరే పెట్టుకోవాలి. మా వర్క్‌షాపులో అప్పటిదాకా ఎవరూ దాన్ని వాడలేదు. నేను వాడాను. ఆయిల్ నిబంధన ప్రకారమే ఉంది, యజమాని తప్పు లేదు, చెప్పాల్సిన జాగ్రత్త మనం చెప్పలేదు అని రాశాను. అంతటితో ఊరుకోలేదు. ఇలా వేడి మీద ఆగే క్యాబులకు సింథటిక్ పోయడమే మేలని, అది ఆ వేడికి అంత త్వరగా మాడదని కూడా రాశాను. నిజం అప్పారావు గారి వైపు ఉన్నంత మేరకు ఆయనకూ ఇచ్చాను.

ఆయనకు అది నచ్చలేదు. కోపం వస్తే ఆయన లోపలి శ్రీకాకుళం బయటికొచ్చేది.

"ఏటమ్మా ఇది? నువ్వు ఎవలి పచ్చం? తిలా పాపం తలా పిడికెడు అని అందరికీ పంచీసినావు, చివరాకరికి ఖర్చు మన నెత్తిన ఎట్టినావు! మార్చి రాయి."

"చూసిందే రాశాను సార్. కావాలంటే మీరు వేరేలా రాసి మీరే సంతకం పెట్టండి" అన్నాను. కాగితం ఆయన ముందుకు జరిపాను. ఆయన పెన్ను తియ్యలేదు.

ఏరియా ఇంజనీరు వచ్చాడు. మాడిన గొట్టాన్ని వేలితో తడిమి చూశాడు. బండి అప్పగించినప్పుడు ఎవరు వివరించారని అప్పారావు గారిని అడిగాడు. సేల్స్ కుర్రాళ్ళు చెప్పే ఉంటారని ఆయన నసిగారు. అయితే ఆ కుర్రాణ్ణి పిలవండి అన్నాడు ఇంజనీరు. పిలిస్తే, ఆ రోజు డెలివరీలు చాలా ఉన్నాయి సార్ అన్నాడు వాడు. ఇంజనీరు నా సంతకం కింద తన సంతకం పెట్టాడు. కొత్త టర్బో డీలరు ఖర్చుతోనే పడింది. యాదగిరి బండి మళ్ళీ రోడ్డెక్కింది, ఈసారి సింథటిక్‌తో. తనే అడిగి పోయించుకున్నాడు.

ఆ వెంటనే నన్ను వారంటీ నుంచి తప్పించి విడిభాగాల కౌంటరుకు మార్చారు. హోదా తగ్గింది, గది పోయింది. పదవీ విరమణ దాకా అక్కడే ఉంచారు. ఆయిల్ డబ్బాలు అమ్మేది కూడా ఆ కౌంటరులోనేనన్న సంగతి అప్పారావు గారికి తోచలేదు. సింథటిక్ మంచిదా, మామూలుది మంచిదా అని వచ్చిన ప్రతివాణ్ణీ మీ బండి రోజూ ఎక్కడికి పోతుంది, ఎలా ఆగుతుంది అని అడిగేదాన్ని. జవాబును బట్టి డబ్బా ఇచ్చేదాన్ని. టీచరమ్మకు మామూలుదే ఇచ్చాను.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇదీ. ఏ ఆయిల్ మంచిదో డబ్బా మీద రాసి ఉండదు, బండి నడిచే తీరులో, ఆగే తీరులో ఉంటుంది. అది చూడకముందే తీర్పు రాయమంటే, చెప్పినవాడు ఎంతటివాడైనా రాయకూడదు. ఆనాడు రాయలేదు. ఈనాడు మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెట్టి అడిగినా రాయను.