పట్టుకోండి మాస్టారు

ఆయన చేతుల్లో ఏ వస్తువూ రెండు నిమిషాలకు మించి నిలిచేది కాదు. గొడుగు, ఫైలు, టిఫిన్ డబ్బా, కళ్లజోడు పెట్టె, ఏదైనా సరే, ఎదురుగా ఎవరుంటే వాళ్ల చేతిలో పెట్టి "కాస్త పట్టుకోండి, ఇప్పుడే వస్తా" అనేవారు. ఇప్పుడే అంటే పావుగంట కావచ్చు, ఆ పూటంతా కావచ్చు. తలకు దెబ్బ తగిలి చెయ్యి పడిపోయినవాళ్లకు వ్యాయామం చేయించే విభాగంలో ఆయన పెద్ద థెరపిస్టు. అసలు పేరు హాజరుపట్టీలో ఉందేమో గానీ, అందరికీ ఆయన పట్టుకోండి మాస్టారే.

ఒకసారి తనిఖీకి వచ్చిన సూపరింటెండెంటు గారి చేతిలోనే గొడుగు పెట్టేశారు. పాపం ఆయన ఆ గొడుగు చంకలో పెట్టుకుని ఆసుపత్రంతా తిరిగి, అలాగే ఇంటికి తీసుకుపోయారు. గేటు దగ్గర వాచ్‌మన్‌కైతే ఒక పొద్దున ఏకంగా అయిదు వస్తువులు అప్పగించారు. దారినపోయే ఇద్దరు అతను వాటిని అమ్మడానికి నిలబడ్డాడనుకుని ధర అడిగారు.

ఇవన్నీ చూసి అందరూ నవ్వేవారు, మూడు నెలల కిందట చేరిన కొత్త థెరపిస్టు తప్ప. ఆమెకు స్టాప్‌వాచ్ మీద గురి. చెక్క దిమ్మలు, తొమ్మిది బెజ్జాల పలక, వాటిలో గుచ్చే పుల్లలు బల్లమీద వరుసగా పెట్టి, రోగి ఎన్ని క్షణాల్లో ఏం చేశాడో చూసి సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసేది. అంత పద్ధతిగల మనిషికి, నిలబడటమే కష్టమైన రోగుల చేత మాస్టారు తన సామాను మోయిస్తుంటే ఒళ్లు మండిపోయేది.

"సార్, వాళ్లు పేషంట్లు" అంది ఒకరోజు.

"అందుకే కదమ్మా, ఎక్కడికీ పారిపోరు. ఇదిగో, ఈ డబ్బా కాస్త పట్టుకో."

అరగంట తర్వాత కూడా డబ్బా తన చేతిలోనే ఉందని చూసుకుని, ఆమె ఆ మధ్యాహ్నమే సూపరింటెండెంటుకు రెండు పేజీల ఫిర్యాదు రాసిచ్చింది. ఒక్క వారంలో నాలుగుసార్లు రోగులకు సామాను అప్పగించారని తేదీలతో సహా రాసింది. రాసినందుకు ఆ పూట అన్నం కూడా రుచిగా అనిపించింది.

అది జరిగిన వారానికి, సెలూన్ నడిపే ఒక పెద్దాయన పరీక్ష వచ్చింది. స్కూటరు మీంచి పడి, తలకు దెబ్బ తగిలి, ఎడమ చెయ్యి పడిపోయిన మనిషి. ఆ చేతిని ఎప్పుడూ తువ్వాలు కింద దాచుకునేవాడు. ఆరు వారాల్లో మార్పు కనిపించకపోతే అతన్ని ఇంటికి పంపి, ఆ చోటు ఇంకొకరికి ఇవ్వడం అక్కడి నియమం.

"కత్తి పట్టేది కుడి చెయ్యే అనుకోండి, కానీ తల తిప్పేది ఎడమ చెయ్యి కదమ్మా. అది లేకపోతే జుట్టుతో పాటు చెవులు కూడా కొట్టేస్తా" అన్నాడు నవ్వుతూ.

ఆమె స్టాప్‌వాచ్ నొక్కగానే ఆ నవ్వు పోయింది. చెయ్యి వణికింది, వేళ్లు ముడుచుకున్నాయి, చెక్క దిమ్మ దొర్లి కింద పడింది. "పిల్లలాడుకునేవి కూడా ఎత్తలేకపోతున్నా" అని తల దించుకున్నాడు. ఆమె సున్నాలు వేసి, కింద "మార్పు లేదు" అని రాసింది.

ఆ కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చేసరికి, మాస్టారు అప్పటికే సెలూన్ పెద్దాయనను పట్టేసుకున్నారు. కుడి చేతిలో గొడుగు పెట్టారు. పెద్దాయన చూపంతా మాస్టారి మెడమీద ఉంది.

"ఈ జుట్టు ఎవరు కొట్టారు సార్? ఎలకలు కొరికినట్టుంది."

"మా ఆవిడే. ఇదిగో, ఈ గ్లాసు కూడా కాస్త పట్టుకోండి."

"చెప్పకండి బయట, నవ్విపోతారు" అంటూనే పెద్దాయన తువ్వాలు కింది నుంచి ఎడమ చెయ్యి చాపాడు. వేళ్లు మెల్లగా విచ్చుకుని ఖాళీ స్టీలు గ్లాసును పట్టుకున్నాయి. ఆ సంగతి అతనికే తెలియదు. గ్లాసుకు బెత్తెడు కింద మాస్టారి అరచెయ్యి, జారితే అందుకోవడానికి కాచుకుని ఉంది.

కొత్త థెరపిస్టు మాస్టారిని పక్కకు పిలిచింది.

"ఎన్నాళ్లయింది సార్?"

"ఆ చెయ్యి బయటికొచ్చి పది రోజులు. నేనే నీ చెవిన వెయ్యాల్సింది."

"మరి నా బల్ల దగ్గర ఎందుకు రాలేదు?"

"నువ్వు వాచీ నొక్కగానే ఆయనకి తన చెయ్యి గుర్తొస్తుంది. దాంతోపాటు సిగ్గూ వస్తుంది. నీ పరీక్ష తప్పు కాదమ్మా, అదీ కావాలి. అడిగితే చేయగలడా అన్నది నువ్వు చూస్తావు, అడక్కుండా చేస్తాడా అన్నది నేను చూస్తాను. రెండూ రాయి."

ఆమె గోడకు కాగితం ఆనించి "మార్పు లేదు" కొట్టేసింది. చూసినదంతా రాసి, ఇంకో ఆరు వారాలు ఉంచాలని సంతకం పెట్టింది. అది సులువే. అసలు కష్టం ఆ తర్వాతిది.

"సార్, నేను మీ మీద..."

"చదివాను. సంజాయిషీ అడిగారు. దస్తూరి ముత్యాల్లా ఉంది గానీ, నాలుగుసార్లు అన్నావు చూడు, అక్కడ నాకు అన్యాయం చేశావు. పదకొండు."

ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "మీరేం రాసిచ్చారు?"

"అన్నీ నిజమే, అలవాటు మానలేను అని. ఒక మెమో ఇచ్చారు."

"కారణం చెప్పొచ్చు కదా సార్."

"చెబితే రేపే నోటీసు బోర్డుకెక్కిస్తారు. ఇదీ పరీక్షేనని తెలిశాక ఏ చెయ్యి ధైర్యంగా బయటికొస్తుంది? నాకు బద్ధకస్తుడన్న పేరే కావాలి."

"పోనీ, నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను."

"ఆ పని మాత్రం చెయ్యకు. పేరు చెడగొట్టుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది."

ఇంతలో సెలూన్ పెద్దాయన భార్య విసవిసా నడిచివచ్చింది. మొగుడి రెండు చేతుల్లోనూ మాస్టారి సామాను కనపడింది గానీ, ఆ రెండోది పడిపోయిన చెయ్యేనన్నది ఆ కోపంలో ఆమెకు తట్టలేదు.

"చూడమ్మా, ఇంత బద్ధకం మనిషి ఎక్కడైనా ఉంటాడా? నువ్వు చదువుకున్నదానివి, ఈయన సంగతి పైవాళ్లకి రాయకూడదూ?"

చెవుల దాకా ఎర్రబడి, నేల చూస్తూ కొత్త థెరపిస్టు, "రాశానమ్మా" అంది.

"బాగా రాసింది కూడా" అన్నారు మాస్టారు.