ఏ కంపెనీ కార్డు మంచిది?

దేవుడు ఉన్నాడా అని అడిగితే నా దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఏ కంపెనీ మెమరీ కార్డు మంచిదని అడిగితే మాత్రం లేదు. వెతకక కాదు. నిజామాబాద్‌లో కెమెరా పని తెలిసినవాళ్లలో నేను అడగనివాళ్లు తక్కువ.

నా కెమెరా చిన్నది. ఊళ్లలో మూఢనమ్మకాల మీద సభలు పెట్టినప్పుడు జనం అడిగే ప్రశ్నలు, ఇచ్చే మాటలు రికార్డు చేయడానికి కొన్నాను. నాలుక మీద కర్పూరం వెలిగించి చూపిస్తే చప్పట్లు కొట్టినవాడే మర్నాడు బాబా దగ్గర క్యూలో నిలబడతాడు. ఏమయ్యా అంటే, నేనెప్పుడు ఒప్పుకున్నానంటాడు. సాక్ష్యం లేని మాటకు విలువ లేదని నలభై ఏళ్లుగా వాదిస్తున్నవాణ్ణి. అందుకే పాత కార్డు మొరాయించగానే కొత్తది కొనడానికి బయలుదేరాను.

ముందు బస్టాండు దగ్గర స్టూడియో నడిపే పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్‌ను అడిగాను. దసరాకు కెమెరాలకు పసుపు కుంకుమ పెట్టే మనిషి. నేను ఒక కంపెనీ పేరు చెప్పగానే దండం పెట్టాడు.

"గా పేరు ఎత్తకు సారు. మోర్తాడ్ పెండ్లిల తలంబ్రాలు మొత్తం మింగింది. అప్పటిసంది దాన్ని ముట్టలే."

పక్క వీధి స్టూడియో అతను సరిగ్గా ఆ కంపెనీ మీదే ఒట్టు వేశాడు. మొదటివాడు మెచ్చుకున్నదాన్ని తిట్టిపోశాడు. ఒక పెళ్లి చెడితే ఆ కంపెనీ అపశకునం, ఒక పెళ్లి బాగా వస్తే ఈ కంపెనీ కులదైవం. ఈ రోగం నాకు తెలిసిందే. సోది చెప్పే ఆమె మాట ఒక్కటి నిజమైతే తప్పిన మాటలన్నీ మరిచిపోతారు. ఈ సంగతి ఇద్దరికీ విడమరచి చెప్పాను. రెండో అతను ఓపికగా విని, చాయ్ తెప్పించి, "అయితే ఏది మంచిదంటరు సారు?" అన్నాడు. చాయ్ తాగి వచ్చేశాను.

బజారులో ఒక దుకాణంలో ఒకే కంపెనీ పేరుతో, ఒకే రంగు ప్యాకెట్లో, రెండు రేట్ల కార్డులు చూపించారు. తేడా ఏమిటంటే దానికి బిల్లు ఉంటుంది, దీనికి ఉండదన్నారు. ఎక్కువ రేటుదే బిల్లుతో తీసుకున్నాను. "భరోసా పెట్టి తీస్కపో సాబ్" అన్నాడు దుకాణదారు. భరోసా మీద కొనే అలవాటు నాకు లేదు. మార్కెట్ యార్డుకు వెళ్లి పసుపు రాశులు, తూకాలు, హమాలీలు, ఆటోలు, కనిపించిందల్లా తీశాను. ఇంటికి వచ్చి ప్రతి ఫోటో తెరిచి చూశాను. ఒక్కటీ చెడలేదు. తర్వాత సభల్లో చిన్న చిన్న వీడియోలు తీసి, కంప్యూటర్లో వేసుకుని, కార్డు ఖాళీ చేస్తూ వచ్చాను. అన్నీ బాగానే వచ్చాయి. పరీక్షించిన తర్వాతే నమ్మాను.

ఆ వానాకాలం బోధన్ అవతలి ఊరి నుంచి కబురు వచ్చింది. చెరుకు తోటల్లో కలుపు తీసి బతికే ఒంటరి ముసలావిడ. ఎదురింటి యువరైతు భార్యకు మాటిమాటికీ మూర్ఛలు వస్తున్నాయి. ఎవడో మంత్రగాడు బాణామతి అన్నాడు, చేసింది ఎదురింటి అవ్వ అన్నాడు. ఇక ఊళ్లో అవ్వ నోట్లో పండ్లు పీకాలన్న మాట పుట్టింది. పండ్లు లేకపోతే మంత్రం సరిగా పలకదట. ఆ మాట చెవిన పడినప్పటి నుంచి అవ్వ ఎవరితో మాట్లాడినా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటోంది.

బోధన్ నుంచి ఒక డాక్టరును వెంటబెట్టుకుని వెళ్లి రైతు భార్యకు మాత్రలు మొదలుపెట్టించాను. కొన్ని వారాల తర్వాత డాక్టరుతో మళ్లీ వెళితే పంచాయతీ ఆఫీసు ముందు అందరూ కూర్చున్నారు. పెద్దమనుషులు మొదట సెల్‌ఫోన్లన్నీ జేబుల్లో పెట్టించారు. వాట్సాప్‌లోకి ఎక్కితే ఊరి పరువు పోతుందట. నా కెమెరాకు మాత్రం ఒప్పుకున్నారు. ఎవరైనా మాట తప్పితే తప్ప బయటపెట్టనని నేను మాట ఇచ్చాను. మూర్ఛ రోగం ఎలా వస్తుందో, మందుతో ఎలా తగ్గుతుందో డాక్టరు చెప్పాడు. మాత్రలు మొదలుపెట్టాక నిజంగానే తగ్గిందని రైతు భార్యే చెప్పింది. చివరికి రైతు లేచాడు.

"నాకు తెల్వక అన్న. అవ్వ చేసిందేం లేదు. ఆమె మీద చెయ్యేసేటోడు ముందు నాతోని మాట్లాడాలె."

మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా తీశాను. అంత పొడవు వీడియో అంతకు ముందెన్నడూ తీయలేదు. సభ ముగిసేసరికి బ్యాటరీ కూడా అయిపోయింది. జనం లేచి వెళ్లాక అవ్వ దగ్గరికి వచ్చి కెమెరా వైపు చూపించింది.

"గాయన మాట గిండ్ల ఉంటదా సారు?"

"ఉంటది అవ్వా."

"రేపు కాదంటే?"

"ఇది చూపిద్దాం."

అప్పుడు కొంగు దించి నవ్వింది. తమలపాకుతో ఎర్రబడ్డ పండ్లు. అన్నీ ఉన్నాయి.

ఇంటికి వచ్చి వీడియో తెరిస్తే డాక్టరు మాట మధ్యలో ఆగిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు. కంప్యూటర్లు బాగుచేసే వాళ్ల దగ్గరికి తిరిగాను. అది ఆ కంపెనీ కార్డే కాదన్నారు. పైన పెద్ద సైజు ముద్ర, లోపల చిన్న సైజు సరుకు. ఆ చిన్న సైజు వరకు నిజంగానే దాచుకుంటుంది. అది నిండాక దాచుకుంటున్నట్టు నటిస్తుంది. నా పరీక్షలేవీ ఆ హద్దు దాకా వెళ్లలేదు. పోయిందాన్ని తవ్వి తీయవచ్చునట గాని, అసలు ఎక్కనిదాన్ని ఎవరూ తీయలేరట. బిల్లు పట్టుకుని దుకాణానికి వెళితే ఇంకో కార్డు ఇస్తానన్నాడు. అదే ప్యాకెట్.

కొన్నాళ్లకు రైతు భార్య మాత్రలు మానేసింది. మూర్ఛ మళ్లీ వచ్చింది. రైతు మాట మార్చాడు. తాను అలా అననే లేదన్నాడు. విన్నవాళ్లు కూడా గుర్తులేదన్నారు. పెద్దమనుషులు ఫోన్ చేసి, సారు దగ్గర ఉంది కదా, తెచ్చి చూపించమన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఫోన్లో అవతల ఒక పెద్దమనిషి తాపీగా అన్నాడు.

"ముందుగాల మంచిగనే పట్టింది గద సారు. గా ముసల్దాని ముచ్చట కాడికి రాంగనే ఎట్ల పోయింది?"

దొంగ కార్డు సంగతి చెప్పాను. సైజు సంగతి చెప్పాను. రైతు మాట చివర్లో వచ్చింది కాబట్టే పోయిందని, మొదట్లో వచ్చి ఉంటే నిలిచేదని చెప్పాను. ఇంతకంటే సూటిగా కారణం చెప్పడం ఎవరి వల్లా కాదు. అతను అన్నిటికీ ఊఁ కొట్టాడు. మర్నాటికి, సారు మిషిన్ కూడా అవ్వ ముందు ఆగలేకపోయిందన్న మాట ఊరంతా పాకింది. పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. ఇరువైపుల వాళ్లనూ పిలిచి మందలించారు, వీడియో దొరికితే తెమ్మన్నారు.

ఇంకో కంపెనీ కార్డు కొన్నాను. ఈసారి నిండా నింపి, చివరి ఫోటో దాకా చూసుకుని ఊరికి వెళ్లాను. రైతు ఇంట్లోంచి బయటికి రాలేదు. అవ్వ గడపలో కూర్చుని ఉంది, నోటికి కొంగు అడ్డం. జరిగింది నువ్వే చెప్పు, రికార్డు చేస్తాను, పై అధికారులకు చూపిస్తానన్నాను. కెమెరా తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు సారు. ఇది గూడ ఖరాబైతే, గది గూడ నా మీదనే ఏస్తరు."

"ఈ కార్డు మంచిది అవ్వా."

"గప్పుడు గూడ ఉంటదనే అన్నవు గద."

ఆ మాటలో కోపం లేదు. గుర్తు చేసినట్టు అన్నది, అంతే. కెమెరా పక్కన పెట్టేశాను. డాక్టరును మళ్లీ తీసుకువస్తానంటే తలూపింది. పెళ్లయి వేరే ఊళ్లో ఉన్న కూతురి దగ్గరికి పోరాదా అంటే, పోతే తానే చేసినట్టు అవుతుందన్నది. తర్వాత లేచి, వీధి అటూ ఇటూ చూసి, ముందు నుంచి పోవద్దు, నువ్వు వచ్చిపోయినట్టు తెలిస్తే మళ్లీ మొదలుపెడతారు అన్నది.

పెరటి వైపు దారి చూపించింది. ఎన్నో ఊళ్లలో నడిబజారున మైకు పట్టుకుని మాట్లాడిన నేను, కెమెరాను చొక్కా కింద దాచుకుని, చెరుకు ఆకులు ముఖానికి గీసుకుంటుంటే వంగి వంగి నడుస్తూ బోధన్ రోడ్డెక్కాను.