నీళ్ళు పోసే చెయ్యి

బ్రూస్‌పేటలో మా వీధిలో పుట్టిన పిల్లోళ్ళకు ఎక్కువమందికి నీళ్ళు పోసింది నేనే. గొప్పకు చెప్పుకోవడం కాదు, పనే అట్లాంటిది. బచ్చలింట్లో పీట మీద కూచ్చోని, కాళ్ళు చాపి, బిడ్డను ఆ కాళ్ళ మీద పండబెట్టుకోని, ఆముదం రుద్ది, అండాలో కాగే నీళ్ళకు చన్నీళ్ళు కలిపి చెంబుతో పోయల్ల. ఎంత కలపల్లనో నోటితో చెప్తే వచ్చేది కాదు. చెయ్యి ముంచితే చెయ్యే చెప్తాది. మోచెయ్యి ముంచి చూసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతాండె. పని రానోళ్ళ యవ్వారమది.

మా ఇంటాయన పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. మాది నూనెలంగడి. పొద్దున తిని పోయిన మనిషి, గల్లాపెట్టె ముందర కూచ్చున్నట్లే పక్కకు ఒరిగిపాయ. వీధిలో ఆడోళ్ళు నన్ను పట్టుకోని "ఏడువమ్మా, ఏడిస్తే తేలికవుతాది" అని నాకు బదులు వాళ్ళే ఏడిస్తిరి. నాకు లోపల ఏమీ లేదు. తింటాంటి, పండుకుంటాంటి, లేస్తాంటి. ఆ తర్వాత పెండ్లిండ్లలో పసుపు దంచేటప్పుడు, పెండ్లికూతుర్ని చేసేటప్పుడు నన్ను చూసీ చూడనట్ల పక్కకు జరుగుతాండ్రి. మా అమ్మకూ అట్లే జరిగింది, నేనేం కొత్త కాదు. అయితే బాలింత ఉండే ఇంట్లోనుంచి మాత్రం పిలుపు నిలిచిపోలేదు. బిడ్డకు నీళ్ళు పోసేదానికి నా బోసి మొగం ఎవురికీ అడ్డం రాలేదు. నాకు మిగిలింది ఆ పని ఒగటే.

కూతుర్ని ఆదోనికి ఇచ్చింటిమి. ఇచ్చేనాటికి అదీ ఇదీ ఒగటే జిల్లా. తర్వాత రాష్ట్రాలు పంచేటప్పుడు మమ్మల్ని మైసూరుకు కలిపి ఆదోనిని అవతల పక్కకు వదిలిరి. మా ఇంటాయన పోయి ఏడాది తిరిగినాక అది తొలికాన్పుకు వచ్చింది. రైలు దిగీ దిగకముందే "అమ్మా, నా బిడ్డకు నువ్వే నీళ్ళు పోయల్ల, ఇంగెవురినీ రానియ్యను" అనింది.

"ఇంగెవురు పోస్తారే, మీ అత్తనా?" అని కసురుకున్న్యా. అదేం బాధపడలేదు, నవ్వింది.

కాన్పు ఇంగా కొన్ని దినాలుందనంగా, పొయ్యి మీద పాలు పొంగుతాంటే గిన్నెను వట్టి చేతుల్తో దించి పక్కన పెట్టినా. పక్కనున్న మా కోడలు "అత్తా! చేతులు!" అని కేకేసింది. చూస్తే వేళ్ళు బొబ్బలెక్కినాయి.

"మంట లేదా అత్తా?"

"మంటా లేదు, గింటా లేదు. నువ్వు పాలు చూడు" అన్న్యా.

ఒగదాన్నే పెద్దాసుపత్రికి పోయినా. డాక్టరు నా వేళ్ళనూ, పాదాలనూ సూదితో పొడిచి, తెలుస్తాందా అవ్వా అని కన్నడంలో అడిగె. "గొత్తాగల్లప్పా" అని ఆ భాషలోనే తెలీదన్న్యా. చక్కెర జబ్బంట, నరాలు చచ్చినాయంట. ఇంటికొచ్చి చేతులు తిప్పి తిప్పి చూసుకున్న్యా. భయం కాలేదు. మనసే మొద్దుబారిపాయ, ఇంగ చేతులదేముందిలే అనుకున్న్యా. ఎవురికీ చెప్పలేదు. చెప్తే ఆ మిగిలిన పని కూడా పోతాదని నాకు తెలుసు.

ఆడబిడ్డ పుట్టింది. పురుటి స్నానం రోజు ఆదోని నుంచి వియ్యపురాలు వచ్చింది. అందరూ బచ్చలింటి వాకిట్లో నిలబడుకోని చూస్తాండారు. పీట మీద కూచ్చోని కాళ్ళు చాపినా. కూతురు బిడ్డను నా కాళ్ళ మీద పెట్టింది. పెట్టినట్ల కంటికి కనపడింది, అంతే. కాళ్ళకు బరువు తెలీలేదు. నూనె రుద్దుతాంటే బిడ్డ పక్కకు జారుతాంది, అది కూడా చూసినాకనే తెలిసింది. ఎడమచేత్తో అదుముకోని, కుడిచెయ్యి నీళ్ళలో ముంచినా. ఏం లేదు. అంతమంది ముందర మోచెయ్యి కూడా ముంచినా. ఏదో కొంచం తెలిసినట్లయ్యింది గానీ, అంత లేత నెత్తి మీద పోసేంత నమ్మకం దాని మీద కుదరలేదు.

చెంబు ఎత్తినా. ఆవిరి వస్తాంది. ఎన్నో ఏండ్ల అలవాటు, కండ్లు మూసుకోని కలిపినా సరిగ్గానే ఉంటాదిలే అనిపించింది. బిడ్డ నోరు తెరిచి ఆవులించింది.

చెంబు కింద పెట్టేసినా. "ఏమే, ఇట్ల రా" అని కోడల్ని పిలిచినా. "నాకు తెలీటం లేదు."

"ఏం తెలీటం లేదత్తా?"

"వేడి తెలీటం లేదు. కాళ్ళ మీద బిడ్డ ఉండేది తెలీటం లేదు. నువ్వు కూచ్చో."

కూతురు ఏడుపు గొంతుతో "నువ్వే పోస్తానంటివి గదమ్మా" అనింది.

"అంటి. ఇప్పుడేమంటావు, నీ బిడ్డను ఉడకబెట్టల్నా?" అని అరిచినా. అంత గట్టిగా అరిచి ఏడాదయ్యింది.

కోడలు పీట మీద కూచ్చోని బిడ్డను తన కాళ్ళ మీదికి తీసుకునింది. నేను పక్కనే కూచ్చోని బిడ్డ కాళ్ళ దిక్కే చూస్తాంటి. నీళ్ళు వేడెక్కువైతే కాలి వేళ్ళు ముడుచుకుంటాయి, సరిపోతే విడుస్తాయి. ఇన్నేండ్లూ చెయ్యే చెప్తాండె కాబట్టి వాటిని నేను చూడనే లేదు. "కొంచం చన్నీళ్ళు... ఆఁ, సాకు సాకు, చాలు, ఇంగ పొయ్యి" అంటా కూచ్చున్న్యా. బిడ్డ ఒగసారి కెవ్వుమని, తర్వాత నిద్రకు తూగింది.

వయసయ్యేకొద్దీ తెలివి వస్తాదంటారు. నాకేం వచ్చిందని చూసుకుంటే, తెలీదని చెప్పేది వచ్చింది. అదన్నా బిడ్డ కాళ్ళ మీద ఉండె కాబట్టి వచ్చింది. లేకుంటే ఈ నోట్లోనుంచి వచ్చే మాట కాదది. చెప్పినాక సంతోషమేం కాలేదు. ఆ రోజు అన్నం కూడా సగం తిని లేచినా. తర్వాత వీధిలో ఎవురింట్లో కాన్పయినా కోడల్నే పిలవబట్టిరి. నన్ను అడిగేదానికి వచ్చినోళ్ళకు నేనే ఆమెను చూపిస్తాంటి. పోనీలే అనుకునేకి శానా దినాలే పట్టింది.

కోడలు ఇంగొగటి కనిపెట్టింది. చేతులు చచ్చినప్పట్నుంచి, కాలుతాదేమో అని నేను వట్టి చన్నీళ్ళే పోసుకుంటాంటి. ఒగ చలిపొద్దున బచ్చలింట్లోకి వచ్చి, నా బకెట్లో చెయ్యి పెట్టి, నన్ను తిట్టరాని తిట్లు తిట్టింది. పొగలు కక్కే నీళ్ళు తెచ్చి కలిపింది. నన్ను రాయి మీద కూచ్చోబెట్టి, ముందు పాదాల మీద ఒగ చెంబు పోసి, "సరిపోయిందా అత్తా?" అనింది. అనేసినాక నాలిక కరుచుకునింది.

"నా కాళ్ళను అడగద్దే" అన్న్యా. "నీ చేతిని అడుగు."

ఆమె మళ్ళీ చెయ్యి ముంచి చూసింది. ఇంగొగ చెంబు చన్నీళ్ళు కలిపింది. నన్ను ఇంగేమీ అడక్కుండా నెత్తి మీద పోసింది.